ఒక క్రియాపదానికి పాఠాంతరాలు

నారిచ్‌లో, వెన్సమ్ ఏటి పక్క సందులో
మా బైండింగు షాపు.
మొదటిరోజు డోరీన్ బల్ల మీద ఎనిమిది దొంతరలు పెట్టి
ఒక క్రియ నేర్పింది: కొలేట్.
నేర్పడమంటే చెప్పలేదు, బల్ల చుట్టూ నడిచింది.
దొంతరకొక ఫారం తీసి, ఎడమచేతిలో పేర్చి,
బల్ల అంచుకు రెండుసార్లు తట్టి,
మళ్లీ నడిచింది.
పొద్దుగూకేసరికి నా లెక్కలో నాలుగు మైళ్లు,
గడప దాటకుండా.

కుట్టేముందు వెన్ను చూడాలంది.
ఫారం మడత మీద చిన్న నల్లగీత,
ఒక్కోటీ ముందుదాని కంటే కాస్త కిందికి.
సరిగా పేరిస్తే పుస్తకం వీపున మెట్లు దిగుతాయి.
మెట్టు లేదా, ఫారం లేదు.
"చదవక్కర్లేదు. ముప్ఫయ్యేళ్లలో నేనొక్క పుస్తకం చదవలేదు,
ఒక్క పేజీ తప్పిపోనివ్వలేదు."

జిరాక్సు మిషను మీదా అదే మాట, ఆకుపచ్చ మీట కింద.
అది నొక్కడం మరిచిన రోజు
ఒకటో పేజీలే నలభై వచ్చాయి,
వాటి మీద రెండో పేజీలే నలభై,
ఒకే ప్రశ్న నలభై మందిని అడిగాక
జవాబుకు వెళ్లినట్టు.

డోరీన్ వాళ్ల చిన్నాన్న పాస్టరట.
బిషప్పు ఆయన్ని ఒక పల్లె చర్చికి కొలేట్ చేశాడట,
ఆ ఊళ్లో ఒక ఫారం తగ్గినట్టు.
ఉపవాసం రాత్రి మఠాల్లో తినే
చిన్న ఫలహారానికీ ఆ కుదురే.
"మీ భాషలో ఏమంటారు?" అంది, బిస్కెట్ టీలో ముంచుతూ.

పోల్చు, అన్నాను. కానీ
పోల్చుకోవడమంటే గుర్తుపట్టడం కూడా.
కూర్చు. పూలకీ పద్యాలకీ పనికొస్తుంది,
కాస్త నోరు జారితే కూర్చో అయిపోయి
పని ఆగిపోతుంది.
పరిష్కరించు. తాళపత్రాలనూ గట్టు తగాదాలనూ
ఒకే మాటతో తేలుస్తాం.
సరిచూడు, అని కూడా.
"అబ్బో. షాపు ఆ చివర్నుంచి కేకేసేది ఏది?"
తెలియలేదు. ఈ పనికి ఎవరూ కేకేయగా
నేనెప్పుడూ వినలేదు.

అక్టోబరులో ఎవరి అటక మీదనుంచో తాటాకులొచ్చాయి,
పెట్టె చేయమని, చదవమని కాదు.
తాడు చివికి రెండు కట్టలు కలిసిపోయాయి.
నా ఎమ్మే తెలుగు ఈ దేశంలో పనికొచ్చింది
ఆ ఒక్క వారమే.
పశువైద్యం. ఒకే గ్రంథం, రెండు చేతులు:
ఒకటి గుండ్రంగా, తీరిగ్గా,
ఇంకోటి వాన ముంచుకొస్తున్నట్టు.

అంకెలు చూసి వేరుచేశాను.
గుండ్రటి కట్టలో ఇరవయ్యేడో ఆకు లేదు.
తొందర కట్టలో ఆ చోట
"గ్రంథపాతం" అని రాసి జానెడు ఖాళీ.
అంటే ఇది దానికి బిడ్డ.
తల్లి పోగొట్టుకున్నది
బిడ్డ ఖాళీగా మోసుకొచ్చింది.

డోరీన్ రెండు ఆకులు కిటికీ వెలుగులో
పక్కపక్కన పట్టుకుంది.
ఒక్క అక్షరం రాదు ఆమెకి.
కళ్లు ఒక దాన్నుంచి ఒకదానికి, మగ్గంలో నాడెలా.
"ఇక్కడ," అని గోరు ఆన్చింది.

తల్లిలో: వాడి తగ్గిన ఆవుకు.
బిడ్డలో: పాడి తగ్గిన ఆవుకు.
గంటం నూలుపోగంత జరిగితే చాలు.
చూసి రాసినవాడు జారాడా, దిద్దాడా?
వాడింట్లో ఆ ఏడు ఒట్టిపోయిన ఆవుందేమో.
పాడి అంటే న్యాయం కూడా, అన్నాను.
"అయితే ఏది రైటు?"
రెండూ రాసిపెట్టాను, ఒకటి కింద ఒకటి.

ఇరవయ్యేడు చోట అదే వెడల్పున
అట్టముక్క కోసి ఉంచాను, ఏమీ రాయకుండా.
డోరీన్ కట్టను అలవాటుగా బల్లంచుకు ఎత్తి
ఆగింది. విరిగిపోతాయి.
తన వేలి కణుపులతో బల్లనే రెండుసార్లు తట్టింది.

షాపు ఆ చివర్నుంచి కేకేశాను: "సరి!"
ఆమెకి సారీ అని వినబడింది.
"దేనికి?" అంది.